రాయలవారి టోపీ

తిరుమల మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. రాగి విగ్రహాలు. క్యూలో ఆగనివ్వరు, ఫోను లోపలికి రానివ్వరు. కళ్లలో దాచుకున్నదాన్ని బయటికొచ్చాక కాగితం మీద పెట్టాలి. ఏళ్లుగా నాకదో సరదా. మొదటిసారి గీసినప్పుడు తలమీద కిరీటం పెట్టేశాను. రాజు కదా! కళ్లు చూసింది విగ్రహాన్ని, చెయ్యి గీసింది కేలెండర్ బొమ్మని.

మరుసటిసారి తల మాత్రమే చూశాను. అది కిరీటం కాదు, పొడుగాటి టోపీ. కుల్లాయి. పారసీకంలోని 'కులాహ్' నుంచి వచ్చిన మాట. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ల కొలువు టోపీని విజయనగరం తన దర్బారుకు తెచ్చుకుంది. రాయలకు ఇంచుమించు వందేళ్ల ముందే, శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువులో కవి ఈ కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని వాపోతాడు. ఎండాకాలం ఇంటర్వ్యూకి టై కట్టుకెళ్లే మన కుర్రాళ్ల బాధే.

1520 ప్రాంతంలో రాయల్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆ జరీ టోపీ గురించి రాశాడు. కాళ్లకు చెప్పులు లేవనీ రాశాడు.

నాకు ఎంతకీ వదలనిది మరొకటి. విగ్రహంలో రాయల ఒంటిమీద దర్బారు అంగీ లేదు. పంచె, నగలు, అంతే. దేవుడి ముందు అన్నీ విప్పినవాడు టోపీ మాత్రం తీయలేదు! లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మల్లో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులదీ అదే వరస. అచ్యుతరాయల కాలపు అధికారి విరూపణ్ణ. వాళ్ల వెనకున్న పరివారానికీ టోపీలే. కిరీటమైతే రాజొక్కడికే. కుల్లాయి కొలువులో ఉన్నవాళ్లందరిదీ. రాయలు తన బొమ్మలో దాన్నే ఉంచుకున్నాడంటే, ఆ కొలువు మీద అతనికి ఎంత గురి ఉండాలి!

గీసేటప్పుడు తిప్పలు పెట్టేదీ ఆ టోపీయే. ఎత్తు కాస్త తగ్గిందా, రాయలు గుమాస్తా అయిపోతాడు. పెరిగిందా, పగటివేషగాడు. నా పుస్తకంలో ఇద్దరూ బోలెడుమంది ఉన్నారు.

ఊళ్లో రాయల విగ్రహం పెట్టించాలనుకునే పెద్దలకు ఒక్క మనవి. శిల్పికి బయానా ఇచ్చేముందు అతన్ని వెంటబెట్టుకుని ఓసారి తిరుమల వెళ్లి రండి.