గోరు పచ్చబడేది గిన్నెలోనే

పెట్టించుకున్న నాడు అద్దంలా తేటగా ఉన్న ఆక్రిలిక్ గోళ్లు రెండు వారాలు తిరక్కముందే పసుపు చాయకు దిగితే, నింద ముందు పౌడర్ మీద పడుతుంది. "అక్కా, మీరు వాడింది మంచి కంపెనీదేనా?" అని అమ్మాయి అడుగుతుంది. పార్లర్ అక్క లోపలికి వెళ్లి డబ్బా తెచ్చి చూపిస్తుంది. డబ్బా నిజంగానే మంచిది. ఇద్దరూ పట్టించుకోని వస్తువు టేబుల్ మీదే ఉంటుంది, అది బ్రష్. దాని పక్కన చిన్న గాజు గిన్నెలో పొద్దున పోసిన లిక్విడ్, దాని అడుగున కాస్త మడ్డి.

ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు ఇలాంటి మాటలు మామూలే. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు వస్తే తగిలే ఈ ఊరిని ఒకప్పుడు చెరువుతోనే గుర్తుపట్టేవారు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటి చెరువు అది. ఇవాళ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, ఒక పక్క ఆదిబట్లలో ఐటీ, విమానాల విడిభాగాల కంపెనీలు. హాస్టల్ అమ్మాయిలు, కొత్తగా జీతం అందుకుంటున్నవాళ్లు, పెళ్లికూతుళ్లు. గోళ్ల కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సెక్కే అవసరం తగ్గింది. ఏ మెడికల్ షాపు పైనో, ఫ్యాన్సీ స్టోర్ వెనక గదిలోనో పని జరిగిపోతోంది. పని నేర్చుకునే తీరు మాత్రం పాతదే. తెలిసినామె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె చెయ్యి చూసి నేర్చుకోవాలి. గోటి మీద పూస పెట్టడం అందరూ నేర్పిస్తారు. బ్రష్ శుభ్రం చేయడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అది షట్టర్ దించే తొందరలో జరిగిపోయే పని. నా లెక్కలో ఈ విద్యలో సగం అక్కడే ఉంది.

చెయ్యి తిరిగిన మనిషి పూస ఎలా తీస్తుందో చూడండి. బ్రష్‌ను లిక్విడ్‌లో అడుగుదాకా ముంచి మెల్లగా నొక్కుతుంది. వెంట్రుకల మధ్య ఉన్న గాలి బుడగలై పైకి వస్తుంది. గిన్నె అంచుకు ఒక వైపు ఒత్తి ఎక్కువైన తడి దించుతుంది. తర్వాత కొసను పౌడర్ మీద అలా లాగితే చిన్న ముద్ద అంటుకుంటుంది. మరు క్షణంలో పౌడర్ తడి పీల్చుకుని, గరుకు పోయి, నిగనిగలాడే గుండ్రటి పూస అవుతుంది. జారిపోకూడదు, పొడిపొడిగా ఉండకూడదు. దాన్ని గోటి మీద దించి, బ్రష్ పొట్టతో తట్టి, కొసతో క్యూటికల్ దగ్గర సన్నగా లాగుతుంది. ఇదంతా అర నిమిషం పని. ఆ తర్వాత బ్రష్‌ను టిష్యూ మీద ఒక్కసారి తుడుస్తుందా, తుడవకుండా నేరుగా మళ్లీ గిన్నెలో ముంచుతుందా అన్న దగ్గరే గోటి రంగు తేలిపోతుంది.

ఎందుకంటే ఆ వెంట్రుకల మధ్య సగం గట్టిపడిన పదార్థం మిగిలి ఉంటుంది. లిక్విడ్‌లో ముఖ్యమైనది ఇథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్. పౌడర్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్ కొద్దిగా కలిపి ఉంటుంది. లిక్విడ్‌లో ఉండే అమైన్ జాతి రసాయనం ఆ పెరాక్సైడ్‌ను రేపి, మోనోమర్‌ను గొలుసుగా కట్టి గట్టిపరుస్తుంది. తుడవని బ్రష్ తిరిగి గిన్నెలో మునిగితే ఆ పెరాక్సైడ్ రవ్వలూ లిక్విడ్‌లోకి వెళతాయి. గిన్నెలోనే మెల్లగా పని మొదలవుతుంది. లిక్విడ్ చిక్కబడుతుంది, మసకబారుతుంది. ఆ లిక్విడ్‌తో తీసిన పూస పూర్తిగా కుదరదు. లోపల మిగిలిపోయిన అమైన్ గాలికీ ఎండకూ ఆక్సీకరణ చెంది పసుపు రంగుకు తిరుగుతుంది. పూస మరీ తడిగా తీసినా ఇదే గతి. దీనికి ఫైలింగ్ దుమ్ము తోడవుతుంది. పాత గోళ్లు రాకే మిషన్‌నూ మూత లేని గిన్నెనూ ఒకే టేబుల్ మీద పెట్టుకుని, పైన ఫ్యాన్ అయిదు మీద తిప్పితే ఆ దుమ్ము ఇంకెక్కడికి పోతుంది?

కంపెనీలకు ఈ సంగతి తెలుసు. అందుకే చాలా లిక్విడ్‌లు లేత ఊదా రంగులో వస్తాయి. తెల్ల చొక్కాకు నీలిమందు పెట్టినట్టు, పసుపు చాయ కనిపించకుండా చేసే ఉపాయం అది. ఎండ దెబ్బ కాయడానికి అతినీలలోహిత కిరణాలను పీల్చే పదార్థం కూడా వేస్తారు. అయితే ఇవన్నీ సీసాలో ఉన్న శుభ్రమైన లిక్విడ్‌కే కాపలా. గిన్నెలో మిగిలిందాన్ని "పారబోస్తే దండగ" అని తిరిగి సీసాలో పోసేవాళ్లున్నారు. ఆ ఒక్క చెంచాతో సీసా మొత్తం చెడుతుంది. రేటు చూస్తే మనసు ఒప్పదు, నిజమే. ముందే తక్కువ పోసుకుంటే ఆ బాధ ఉండదు. ఒక్కో కస్టమర్‌కు గిన్నెలో కొద్దిగానే పోసి, పని కాగానే గిన్నె తుడిచి, తర్వాతి మనిషికి కొత్తగా పోయాలి. గిన్నె గాజుదో పింగాణీదో ఉండాలి, మూత ఉండాలి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను ఈ లిక్విడ్ కరిగిస్తుంది.

మన దగ్గర ఇంకో పసుపు కూడా ఉంది, బయటి దేశాల పాఠాల్లో అంతగా కనిపించనిది. వంటింటి పసుపు. చేత్తో పప్పన్నం కలుపుకుని తినేవాళ్లం, పెళ్లికి ముందు నలుగు పెట్టించుకునేవాళ్లం, గడపకు పసుపు రాసేవాళ్లం. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు గానీ నూనెలో కరుగుతుంది. నూనె తాలింపుతో కలిసి వచ్చిందంటే ఆక్రిలిక్ పైపొరకు బాగా పట్టుకుంటుంది. పెళ్లికూతురు మంగళస్నానం అయ్యాక ఫోన్ చేసి "మేడమ్, గోళ్లన్నీ పచ్చగైనయ్" అంటే బ్రష్‌ను అనుమానించనక్కర్లేదు. పసుపు మరక పైన ఉంటుంది, మచ్చలుగా ఉంటుంది, అన్నం కలిపే కుడిచేతికి ఎక్కువగా ఉంటుంది. పైపైన బఫర్ పట్టిస్తే చాలావరకు పోతుంది. కర్క్యుమిన్ ఎండకు ఆగదు కాబట్టి నాలుగు రోజులు ఎండలో తిరిగితే దానంతటదే వెలిసిపోతుంది. బ్రష్ తెచ్చిన పసుపు దీనికి పూర్తిగా తలకిందులు. అది రెండు చేతులకూ సమానంగా, గోరు మందం అంతటా ఉంటుంది. రాకినా కింద అదే రంగు, ఎండలో పెడితే ఇంకా ముదురుతుంది. ఈ తేడా చెప్పగలిగిన పార్లర్ అక్కను నమ్మొచ్చు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నవాళ్ల సంగతి వేరు. ఆ ఎరుపు సొంత గోటిలోని కెరాటిన్‌ను పట్టుకుని ఉంటుంది. పైన తేట ఆక్రిలిక్ వేస్తే కింద నుంచి నారింజ చాయ కనిపిస్తుంది. అది మరకా కాదు, తప్పూ కాదు. కావాలని అలాగే ఉంచుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక శుభ్రం చేయడం. ఏ వస్తువునైనా సబ్బు, నీళ్లతో కడగడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ బ్రష్‌కు ఆ రెండూ పడవు. మంచి ఆక్రిలిక్ బ్రష్‌లో జంతువు వెంట్రుక ఉంటుంది. దానికి సహజంగా ఉండే జిడ్డే దాన్ని కుదురుగా, కొసదేరి ఉంచుతుంది. సబ్బు, స్పిరిట్, అసిటోన్ ఆ జిడ్డును లాగేస్తాయి. వెంట్రుకలు విచ్చుకుపోయి కొస పోతుంది. పైగా వాటి తాలూకు తడి లోపల ఉండిపోయి మర్నాటి లిక్విడ్‌లో కలుస్తుంది. అందుకే ఈ బ్రష్‌ను దాని లిక్విడ్‌తోనే కడగాలి. వేరే గిన్నెలో కొత్త లిక్విడ్ కాస్త పోసి, బ్రష్ ముంచి, నూగు రాలని గుడ్డ మీద వెంట్రుక వాలు వైపే లాగి తుడవాలి. గుడ్డ మీద మరక పడటం ఆగేదాకా అలా చేయాలి. మెలితిప్పకూడదు, గోటితో గీకకూడదు. చివరిసారి ముంచి తీశాక కొస సరిచేసి పడుకోబెట్టాలి, లేదా తలకిందులుగా వేలాడదీయాలి. పెన్నుల డబ్బాలో లాగా వెంట్రుకలు పైకి పెట్టి నిలబెడితే తడి అంతా మెటల్ తొడుగులోకి దిగి, లోపలి జిగురు వదులై వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. ఆరాక మూత పెట్టి డ్రాయర్‌లో పెట్టాలి. సాగర్ రోడ్డు దుమ్ముకూ కిటికీ ఎండకూ రెండింటికీ అదే విరుగుడు.

కొత్త బ్రష్ గట్టిగా ఉంటుంది, దారిలో పాడవకుండా కంపెనీవాళ్లు జిగురు పెడతారు. దాన్ని వేళ్ల మధ్య మెల్లగా నలిపి, రాలిన పొడి అంతా దులిపి, లిక్విడ్‌లో ముంచి తుడిచి, అప్పుడు పనిలోకి దింపాలి. ఈ పొడి దులపకుండా మొదలుపెట్టినవాళ్లకు మొదటి గోటిలోనే తెల్లటి నలకలు కనిపిస్తాయి.

వెంట్రుకల్లో ఆక్రిలిక్ గట్టిపడిపోతే? లిక్విడ్‌లో కొన్ని గంటలు నానబెడితే ముద్ద మెత్తబడుతుంది. అప్పుడు గుడ్డతో లాగాలి. అదీ కాకపోతే ఆఖరి ప్రయత్నంగా కొసను అసిటోన్‌లో ముంచి, తర్వాత లిక్విడ్‌లో చాలాసార్లు ముంచి తీయాలి. అలా బతికిన బ్రష్‌ను తేట పనికి వాడకుండా గ్లిట్టర్‌కో రంగు పౌడర్‌కో దించడం మంచిది. అసలు రంగులకు వేరే బ్రష్ ఉండాలి, జెల్‌కు తప్పకుండా వేరే ఉండాలి. వెలుతురు తగిలితే గట్టిపడే గుణం జెల్‌ది. ఆ మరక మోనోమర్ బ్రష్‌లో ఉంటే పార్లర్ ల్యాంప్ పక్కన పెట్టినా చాలు, వెంట్రుకల మొదట్లో రాయిలా కూర్చుంటుంది.

బ్రష్ కొనేటప్పుడు వినిపించే మాట "కొలిన్‌స్కీ". సైబీరియన్ వీజెల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక అది. మన హిమాలయాల్లోనూ ఉంటుంది. అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా పెట్టే సైటిస్ ఒప్పందం మూడో అనుబంధంలో దాన్ని చేర్పించింది భారతదేశమే. ముంగిస వెంట్రుకల బ్రష్‌ల సంగతి ఇంకా గట్టిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని తయారుచేయడం, అమ్మడం నేరం. డబ్బా మీద కొలిన్‌స్కీ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందని కాదు. రాలిన వెంట్రుక ఒకటి కాల్చినప్పుడు జుట్టు కాలిన వాసన వస్తే జంతువుది, కరిగి ముద్దకడితే నైలాన్. ఈ పరీక్ష లిక్విడ్ సీసాకు దూరంగా, బయట చేయండి, ఆ లిక్విడ్ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. మంచి సింథటిక్ బ్రష్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి. తడి కాస్త తక్కువ పట్టుకుంటాయి, చెయ్యి అలవాటు పడాలి, అంతే. నేనైతే వాటికే ఓటేస్తాను.

అసలు ఈ ఆక్రిలిక్ గోళ్ల పని పుట్టింది పళ్ల డాక్టర్ టేబుల్ మీద. 1954లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రెడ్ స్లాక్ అనే డెంటిస్ట్ తన విరిగిన గోటిని దంతాల ఆక్రిలిక్‌తో అతికించుకున్నాడు. 1975లో హాలీవుడ్ నటి టిప్పి హెడ్రన్ కాలిఫోర్నియాలో వియత్నాం శరణార్థి మహిళలు 20 మందికి గోళ్ల పని నేర్పించే ఏర్పాటు చేసింది. అమెరికాలో గోళ్ల సెలూన్లు ఇవాళ ఎక్కువగా వియత్నామీల చేతుల్లో ఉండటానికి అది ఒక మొదలు. పళ్ల సెట్లకు వాడే మిథైల్ మెథాక్రిలేట్‌ను మాత్రం, గోళ్లు దెబ్బతింటున్నాయన్న ఫిర్యాదులు వచ్చాక, 1970లలోనే అమెరికా ఎఫ్‌డీఏ గోళ్ల సరుకుల నుంచి తీయించే పని మొదలుపెట్టింది. పేరు లేని సీసాలో చవగ్గా, ముక్కు బద్దలయ్యే ఘాటుతో వచ్చే లిక్విడ్ అదే కావచ్చు. దానితో పెట్టిన గోరు మరీ గట్టిగా ఉంటుంది, అసిటోన్‌లో నానబెట్టినా ఓ పట్టాన ఊడదు.

బ్రష్ శుభ్రత పార్లర్ అక్క చర్మానికి కూడా సంబంధించిన విషయం. కుదరని ఆక్రిలిక్ చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ వస్తుంది, వేళ్ల కొసలు పగిలి దురద పెడతాయి. ఒకసారి ఒళ్లు దీనికి ఎదురు తిరిగితే ఇక జీవితాంతం తంటాయే. పంటికి ఫిల్లింగ్ వేయించుకోవాలన్నా, కీలు మార్పిడిలో బోన్ సిమెంట్ వాడాలన్నా, డాక్టర్‌కు ముందే చెప్పాల్సి వస్తుంది. బ్రష్ కొసను వేళ్లతో నలిపి సరిచేసే అలవాటు, ముంజేతి మీద తుడిచే అలవాటు రోజుకు ఎన్నిసార్లు జరుగుతాయో లెక్క ఉండదు. గ్లవ్స్ నైట్రిల్‌వి వేసుకున్నా లిక్విడ్ కాసేపటికి వాటినీ దాటి వస్తుంది, తడిస్తే మార్చేయాలి.

ఏప్రిల్, మే నెలల్లో రంగారెడ్డి జిల్లా ఎండకు ఈ పని ఇంకా కష్టం. వేడికి పూస తొందరగా బిగుస్తుంది, గిన్నెలో లిక్విడ్ ఆవిరై చిక్కబడుతుంది. కరెంటు పోయిందంటే చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లన్నీ అప్పుడే. అలాంటి రోజుల్లో సీసాను గోడ పక్క చల్లటి చీకటి మూలన పెట్టుకుని, గిన్నెలో సగం పోసే దగ్గర పావు పోసుకుని, బ్రష్‌లు రెండు మార్చి మార్చి వాడేవాళ్లు పని చెడకుండా నెట్టుకొస్తారు. మిగిలిన లిక్విడ్‌ను సింకులో పారబోయకండి. టిష్యూలో పీల్పించి, కవర్‌లో ముడేసి, చెత్తబుట్టకు మూత పెట్టండి. లేకపోతే ఆ వాసన రాత్రంతా గదిలోనే ఉండి, పొద్దున షట్టర్ ఎత్తిన మనిషికి తలనొప్పి తెస్తుంది.