ఆగని యంత్రం: ఫార్‌స్టర్ కథ గురించి

ఈ. ఎమ్. ఫార్‌స్టర్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవల. అంతకు చాలా ముందే, 1909లో, అంటే గురజాడ ‘దిద్దుబాటు’ అచ్చు కావడానికి ముందు ఏడాది, ఆయన ‘ద మెషీన్ స్టాప్స్’ అనే పెద్దకథ రాశాడు. ఇళ్ళలోకి రేడియో కూడా రాని రోజులవి.

కథలో మనుషులంతా భూమి లోపల, తేనెపట్టు అరల్లాంటి గదుల్లో ఒక్కొక్కరే ఉంటారు. మీట నొక్కితే తిండి, సంగీతం, స్నేహితులు. వష్టి అనే ఆవిడకి కొన్నివేల మంది తెలుసు. ఉపన్యాసాలు కూడా గదిలోంచి కదలకుండానే ఇస్తుంది. భూగోళానికి అవతలి వైపున్న కొడుకు కూనో ఒక గుండ్రటి పలకలో నీలంగా కనిపించి, యంత్రంలోంచి కాదు, నువ్వే వచ్చి నన్ను చూడమంటాడు. ఆవిడకి అర్థం కాదు. ఇప్పుడు చూస్తూనే ఉన్నాం కదా!

ఇంటర్నెట్ గురించి రాసేవాళ్ళు ఈ కథని జోస్యమని మెచ్చుకుంటారు. నాకు జోస్యం కన్నా ఇంకో సంగతి గొప్పగా అనిపిస్తుంది. ఆ పలకలో ముఖంలోని సూక్ష్మమైన భావాలు కనిపించవనీ, మనిషి గురించి స్థూలంగా ఒక అంచనా మాత్రమే వస్తుందనీ, పనులు జరగడానికి అది చాలని అందరూ ఒప్పేసుకున్నారనీ ఫార్‌స్టర్ అంటాడు. ఆ ‘చాలు’లోనే కథంతా ఉంది.

ఆ మాట నాకెందుకు తగిలిందో చెబుతాను. అమెరికా వచ్చిన కొత్తలో కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోయి అమ్మ మాట మధ్యలో తెగిపోతే, టిక్కెట్టు ఎప్పుడు కొనగలనా అని లెక్కలు వేసేవాణ్ణి. 2003లో స్కైప్ వచ్చింది. 2016లో వాట్సాప్‌లోనూ వీడియో వచ్చింది. అమ్మని రోజూ చూస్తున్నాను. రెండేళ్ళకోసారి చేసే ప్రయాణం నాలుగేళ్ళకోసారికి పడింది. “ఎప్పుడొస్తావురా” అంటే, “రోజూ చూసుకుంటూనే ఉన్నాం కదమ్మా” అనేవాణ్ణి. 2019లో వెళితే, గుమ్మం దాకా గోడ పట్టుకుని నడిచొచ్చింది. ఫోను ఎప్పుడూ కుర్చీలో కూర్చునే మాట్లాడేది. నడక నాకు కనిపించే వీల్లేదు. చెప్పలేదేమన్నాను. “రోజూ చూస్తున్నావుగా, తెలుసనుకున్నాన్రా” అంది.

ఫార్‌స్టర్ రెండు చోట్ల పొరబడ్డాడని నా ఉద్దేశం. ఆయన కథలో రమ్మనేది కొడుకు, కదలనిది తల్లి. మన ఇళ్ళలో అది తిరగబడింది. రెండోది ముగింపు. యంత్రం ఆగిపోతుంది, కూలిపోతున్న ఆ లోకంలో తల్లీకొడుకులు ఒకరినొకరు తాకి, ప్రాణాలు వదులుతారు. రచయితకి అది సులువైన దారి. ఇంటర్నెట్ ఒక్క యంత్రం కాదు. ఒక దారి తెగితే ఇంకో దారిన కబురు పోయేలా కట్టిన వేల నెట్‌వర్కుల కలయిక. అక్కడక్కడా చెడొచ్చుగాని, మనల్ని గదుల్లోంచి బయటికి తోలడానికి అంతా ఒక్కసారే ఆగిపోతుందని నేననుకోను. పైగా బొమ్మ ఇంకా స్పష్టమవుతుంది. రేపు ఎదురుగా కూర్చున్నట్టే ఉండొచ్చు. అప్పుడు ‘చాలు’ అనుకోవడం మరీ తేలిక.

అందుకే దీన్ని భవిష్యత్తు కథగా కాక, బద్ధకం కథగా చదవమంటాను. వష్టి చెడ్డది కాదు. కొడుకంటే ప్రేమే, ప్రయాణమంటేనే విసుగు. ఎయిర్‌షిప్ హిమాలయాల మీదుగా పోతుంటే కిటికీ మూసెయ్యమంటుంది. అయినా విసుక్కుంటూనే అంత దూరమూ వెళ్ళి కొడుకు గదిలో నిలబడింది. అప్పటికి యంత్రం బాగానే పనిచేస్తోంది.