కోడ్ ఎవరు రాశారు?

గేబ్రియెల్ జెవిన్ ‘టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో’ (2022) నాకిచ్చిన ఫ్రెండు, స్నేహం మీద రాసిన నవల అని చెప్పింది. నాకు మాత్రం, నలుగురూ కలిసి చేసినదానికి పేరెవరికి దక్కాలన్న పేచీలా కనబడింది. పటమటలో మా ఇంటి మేడ మీద రెండు రాత్రుళ్ళు చదివాను. మూడో రాత్రి నిద్ర పట్టలేదు.

హార్వర్డ్‌లో చదివే సామ్, ఎంఐటీలో చదివే సేడీ చిన్నప్పుడు ఆస్పత్రిలో కలిసి వీడియో గేములు ఆడుకున్నవాళ్ళు. 1990లలో ఇద్దరూ మళ్ళీ కలిసి ‘ఇచిగో’ అనే గేమ్ మొదలుపెడతారు. సామ్ రూమ్మేట్ మార్క్స్ ఇల్లిచ్చి, మిగతా పనులన్నీ నెత్తినేసుకుంటాడు. గేమ్ హిట్టవుతుంది. జనం సామ్ మొహాన్నే గుర్తుపెట్టుకుంటారు. సేడీ లోపల్లోపలే ఉడికిపోతుంది. విచిత్రమేమిటంటే, ఇంతమంది కలిసి చేసిన ఆ గేమ్ ఒక్కరే ఆడేది!

మాది ఇద్దరాడేది. 2012, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, జావా, నలుగురం. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లయితే మా స్క్రీన్ మీద ఏడు పట్టాయి. వరద వస్తుంటే గేటుకి చెరో కొసా పట్టుకుని ఇద్దరూ ఒకేసారి ఎత్తాలి. ఒకరు ముందు వదిలేస్తే గేటు వంకరపోయి ఇరుక్కుంటుంది. ఐడియా నాది కాదు, మా టీమ్‌లో ఒకడిది. వాడు వాళ్ళ అమ్మమ్మతో పచ్చీసు ఆడి పెరిగాడు. ఎదురుగా కూచున్నవాళ్ళే జత, నీ కాయలన్నీ పండినా జతవాళ్ళవి పండందే గెలిచినట్టు కాదు. వాడికి కోడింగ్ రాదు. బొమ్మలేశాడు, లెవెల్స్ గీశాడు, ఆడి చూశాడు.

ఆడుతుంటే వాడి వైపు గేటు మధ్యలో పడిపోయేది. “నువ్వు కీ వదిలేస్తున్నావురా” అని వారం రోజులు తిట్టాను. వాడు ఏమీ అనకుండా నోట్‌ప్యాడ్ తెరిచి, కీలు మూడేసి చొప్పున నొక్కి చూసి, ఏ మూడు కలిస్తే ఒకటి మింగేస్తోందో కాగితం మీద రాసుకొచ్చాడు. చవక కీబోర్డుల్లో లోపలి తీగలు అడ్డం నిలువు గళ్ళలా ఉంటాయి. కొన్ని కీలు కలిపి నొక్కితే అన్నీ కంప్యూటర్‌దాకా చేరవు. వాడు వేరే కీలు ఎంచి ఇచ్చాడు, నేను నాలుగు లైన్లు మార్చాను. గేటు నిలబడింది.

వైవాలో ఎగ్జామినర్ “కోడ్ ఎవరు రాశారు?” అని అడిగారు. “నేనే సార్” అన్నాను. నిజమే కదా. వాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

జెవిన్ బలం ఇక్కడే ఉంది. సామ్‌దీ సేడీదీ ఇద్దరి లెక్కా సరిగ్గానే అనిపించేట్టు రాస్తుంది, తీర్పు చెప్పదు. పని గురించి రాసేటప్పుడే తేలిపోతుంది. నెలల తరబడి చాకిరీ పేరాల్లో అయిపోతుంది. వారం రోజులు ఒక కీ కోసం కొట్టుకున్నవాణ్ణి, నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ మార్క్స్‌ని ‘ఎన్‌పీసీ’ అంటూ, అంటే ఆటలో మనం నడపని పక్క పాత్ర అంటూ, ‘నువ్వు’ అని సంబోధిస్తూ సాగిన అధ్యాయం ఒక్కటి చాలు, ఎన్ని తప్పులైనా కాయొచ్చు. దాని దగ్గరే పుస్తకం మూసేసి కాసేపు కూచున్నాను.

ఇంకో సంగతి. నవల్లో సేడీ క్లాసు కోసం చేసిన ‘సొల్యూషన్’లో, మనం పనిచేసిపెడుతున్న ఫ్యాక్టరీ నాజీలదని చివర్లో తెలుస్తుంది. 2009లో బ్రెండా రొమెరో ‘ట్రెయిన్’ అనే బోర్డ్ గేమ్ చేశారు. అందులో మనం మనుషుల్ని నింపి పంపే రైలు ఆష్విట్జ్‌కి పోతోందని చివర్లో తెలుస్తుంది. తన ఆట పోలికలున్నా తన పేరు ఎక్కడా లేదని ఆవిడ బయటకే అన్నారు. పేరు దక్కనివాళ్ళ బాధ ఇంత బాగా తెలిసిన నవలకి ఆ ఒక్క పేరు రాయడం ఎందుకు బరువైందో నాకర్థం కాలేదు. అంటే, ఎవరినో అనే హక్కు నాకుందనీ కాదు.

మొన్న అటక మీంచి మా ప్రాజెక్ట్ రిపోర్ట్ తీశాను. కీబోర్డ్ సంగతి ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది, సమస్యని గుర్తించి పరిష్కరించడమైనది అని. గుర్తించిందెవరో లేదు. ఆ వాక్యం రాసింది కూడా నేనే.