మంచుబాటకు మరమ్మతు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో స్నోమొబైళ్ల కోసం ఏడున్నర వేల కిలోమీటర్ల దాకా మంచుబాటలున్నాయి. వాటిలో సుమారు 80 శాతం ప్రైవేటు భూముల మీదుగానే పోతాయి. వాటిని చూసుకునేది ఊరూరా ఉన్న క్లబ్బులు. చాలామటుకు జీతం బత్తెం లేని చాకిరీ. ఈ క్లబ్బులన్నిటికీ 1967లో పుట్టిన ‘వాస్ట్’ అనే సంఘం పెద్దదిక్కు.

మంచుకు మరమ్మతేమిటి అనిపించవచ్చు. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక గిర్రున తిరిగే రబ్బరు పట్టా ఉంటాయి. వేగం పెంచినప్పుడల్లా ఆ పట్టా మంచును తవ్వి వెనక్కి చిమ్ముతుంది. ఒకచోట చిన్న గుంట పడిందా, వెనకొచ్చే బండి అక్కడే ఎగిరిపడి మరికాస్త తవ్వుతుంది. రద్దీగా ఉండే శని, ఆదివారాలు గడిచేసరికి బాటంతా గతుకులే.

గుంటల్ని పైపైన పూడిస్తే లాభం లేదు. మర్నాటికి అదే చోట అదే గుంట. గట్టిపడ్డ మిట్టను గుంట అడుగుదాకా కోయాలి. అందుకే గ్రూమర్ అనే బండి వెనక ‘డ్రాగ్’ అనే పొడవాటి ఇనుప చట్రం తగిలిస్తారు. దాని బ్లేళ్లు మిట్టల్ని చెక్కి, ఆ మంచును దొర్లించి, నలిపి, లోపలి గాలిని వెళ్లగొడతాయి. చివరనున్న వెడల్పాటి రేకు దాన్ని అణిచి, దమ్ము చేసిన మడిలా చదును చేస్తుంది. బ్లేడు మరీ దించితే మట్టీ రాళ్లూ పైకొస్తాయి. ఎత్తితే మిట్ట మిగిలిపోతుంది. నడిపేవాడి నేర్పంతా అక్కడే. తొందరపడితే పని చెడుతుంది కాబట్టి బండి నెమ్మదిగానే పోతుంది.

మిగతా పని చలిది. నలిగిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. ఆలోగా ఎవరూ తొక్కకూడదు. అందుకే గ్రూమర్లు ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతాయి. చిత్తడి నేలల్లో ఇంకో కిటుకుంది. తొలి మంచు పడగానే దాన్ని అణగదొక్కుతారు. మంచు మెత్తగా, మందంగా ఉంటే నేలలోని వేడి బయటికి పోదు. అణిస్తేనే చలి లోపలికి దిగి బురద గడ్డకడుతుంది.

ఇంతా చేస్తే బాటలు తెరిచుండేది డిసెంబర్ 16 నుంచి ఏప్రిల్ 15 వరకే, అదీ మంచు ఉంటేనే. శీతాకాలాలు వెచ్చబడుతున్నకొద్దీ ఆ గడువూ కుదించుకుపోతోంది. కొమ్మలు నరకడం, చెక్క వంతెనలు బాగుచేయడం, గుర్తులు పాతడం మంచుకు ముందే ముగించాలి. అన్నిటికన్నా ముందు భూమి యజమాని గడప తొక్కి సరేననిపించుకోవాలి. క్లబ్బు అసలు పనితనం ఇదేనని నా అభిప్రాయం. కొత్త గ్రూమర్‌కు లక్షల డాలర్లవుతాయి, అయినా ఎలాగో పోగుచేసి కొనవచ్చు. ఒక్క రైతు ‘ఇక వద్దు’ అన్నాడంటే బాట అక్కడే తెగిపోతుంది. చుట్టుదారి కోసం మరో నలుగురిని బతిమాలాలి. ఉచితంగా దారిచ్చిన యజమాని మీద ప్రమాదాల బాధ్యత చాలావరకు పడకుండా రాష్ట్ర చట్టం కాస్తున్నా, చివరికి బాటను నిలబెట్టేది యజమానితో ఉన్న మంచీ మర్యాదే.

బోస్టన్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు అటు వెళ్లి స్నోమొబైల్ అద్దెకు తీసుకునే మనవాళ్లకు ఒక్క మాట. గ్రూమర్ లైట్లు కనిపిస్తే పక్కకు ఆగి దారివ్వండి. బాట దిగి పొలాల్లోకి పోకండి. మీరు చేసే ఆ తప్పుకు దారి పోగొట్టుకునేది ఆ ఊరి క్లబ్బు.