అయస్కాంతోపమ - భగవత్సామీప్యవిచారము

శంకరభగవత్పాదుల పేరఁ బ్రసిద్ధమైన శివానందలహరియందు 61వ శ్లోకము భక్తిలక్షణమును జెప్పునది. ఊడుగచెట్టు విత్తులు తల్లిచెట్టును, సూది యయస్కాంతమును, సాధ్వి తన భర్తను, లత వృక్షమును, నది సముద్రమును జేరునట్లు చిత్తవృత్తి పశుపతి పాదములను జేరి యచ్చటనే యెల్లప్పుడు నిలిచెనేని యదియే భక్తియని యందలి తాత్పర్యము. ఈ యైదింటిలో సాధ్వి, లత, నది యనునవి కావ్యముల కలవాటైనవి. ఊడుగవిత్తుల మాట జనప్రతీతిపై నిలిచినది. సూదంటుఱాయి యొక్కటియే యెవ్వఁడైనను జేతఁబట్టి పరీక్షింపఁదగినది. ఇట్లు పరీక్షకు లోఁబడు నుపమానమును భగవద్విషయమునఁ బ్రయోగించుటలో లాభమెంత, యపాయమెంత యనునదియే యిచ్చటి ప్రశ్నము.

ఉపమానపదమునకు మహాభాష్యకారుఁడు చెప్పిన యర్థము మొదట స్మరింపవలయును. తెలియని వస్తువును దెలిసికొనుటకై గ్రహింపఁబడునది మానము; దానికి సమీపమున నుండి, పూర్తిగాఁ గొలువక కొంతవఱకు మాత్రమే కొలుచునది యుపమానము. వ్యాకరణము చదివినవారి కిది క్రొత్త మాట కాదు. అయినను నేఁటి యుపన్యాసములలో దీనిని మఱచుటవలననే యనర్థము కలుగుచున్నది. గవయము గోవువంటిదన్నంతనే గవయమును బాలు పిదుకవచ్చునని యెవఁడును దలంపఁడు. భగవంతుఁడు విద్యుచ్ఛక్తివంటివాఁడనఁగానే మాత్రము మనము తీఁగెల వెదకుచున్నాము.

ఈ ఱాయిని మన శాస్త్రకారులు చాలఁగాలమునుండి యెఱుఁగుదురు. వైశేషికసూత్రముల పంచమాధ్యాయమునఁ గణాదుఁడు సూది మణివైపు ప్రాఁకుటకు నదృష్టము కారణమని చెప్పి యూరకున్నాఁడు. వ్యాఖ్యాత లా పదమునకు ధర్మాధర్మములని యర్థము చెప్పిరి. నాకు మాత్రము కంటి కగపడని కారణమను నక్షరార్థమే రుచించును. సాంఖ్యులు పురుషుఁడు కదలకయే సన్నిధిమాత్రమునఁ బ్రకృతిని బ్రవర్తింపఁజేయుటకు దీనిని దృష్టాంతముగాఁ గొనిరి. యోగభాష్యమున నిది తాఱుమాఱైనది. అచ్చటఁ జిత్తమే యయస్కాంతమువంటిది. అది దగ్గఱ నుండుటచేతనే తన స్వామియైన పురుషున కుపకరించునఁట. ఒక్క ఱాయి మతమునకొక తీరునఁ దిరుగుచుండుట చదువరులు గమనింపఁదగినది.

ఇఁక శంకరుల యొద్దకు వత్తము. బ్రహ్మసూత్రభాష్యమున రెండవయధ్యాయము రెండవపాదమునందలి రెండవసూత్రముకడ వారు దీనిని దామే గ్రహించిరి. అయస్కాంతము తాను గదలకయే యినుమును గదలించునట్లు పరమేశ్వరుఁడు ప్రవృత్తిరహితుఁడయ్యును సర్వమును బ్రవర్తింపఁజేయునని వారి వాక్యతాత్పర్యము. అదే పాదమున నేడవసూత్రముకడ సాంఖ్యుఁ డదే ఱాతిని దేఁగా దానిని నిరాకరించిరి. పురుషుని సన్నిధి నిత్యము గనుకఁ బ్రవృత్తియు నిత్యము కావలసివచ్చును; అయస్కాంతమునకో సన్నిధి యనిత్యము, తుడుచుట మొదలగువాని యపేక్షయుఁ గలదు; కావునఁ బోలిక పొసఁగదని వారి యభిప్రాయము. ఐదు సూత్రముల యెడములో నొకచో గ్రహించి వేఱొకచోఁ ద్రోసివేయుట యేమి న్యాయమని కొందఱు విద్యార్థు లడుగుదురు. ప్రశ్న మంచిదే. సమాధాన మేమనఁగా, మొదటిచోట సాధారణధర్మము కదలక కదలించుట మాత్రమే. రెండవచోట సాంఖ్యుఁడు సాధారణధర్మముగాఁ గోరినది సన్నిధి. వస్తు వొక్కటియైనను ధర్మము వేఱైనపు డుపమ వేఱగును. పాణిని సమాసవిధానమున నుపమానమును సామాన్యవచనముతోఁ గూర్చినది యూరక కాదు.

ఇప్పుడు శివానందలహరీశ్లోకమును మఱలఁ జూడుఁడు. ఇందును సాధారణధర్మము సన్నిధియే. సాంఖ్యునకు దోషమైన దీ భక్తున కెట్లు గుణమయ్యెను? భక్తుని చిత్తమునకు భగవత్సన్నిధి నిత్యము కాదు గనుకనే. అది పోవును, వచ్చును, తుప్పుపట్టును, తుడువఁబడును. భాష్యమున నేయనిత్యత్వమునుబట్టి యీ యుపమ నిరాకరింపఁబడెనో యాయనిత్యత్వమే యిచ్చట దానికిఁ బ్రాణము. స్తోత్రకర్తయు భాష్యకర్తయు నొక్కరే యగుదురా కారా యను వివాదములో నేను దిగను. ఒక్కరే యైనచో దీనికి విరోధము లేదని మాత్రము చెప్పఁగలను. రామకృష్ణపరమహంస (1836-1886) బురద యంటిన సూదిని సూదంటుఱాయి లాగదనియుఁ, గన్నీటిచే బురదను గడిగినచో లాగుననియుఁ జెప్పుచుండెడివారు. భాష్యమునఁ దుడువవలసినది ఱాయి. పరమహంస మాటలోఁ గడుగవలసినది సూది. భక్తిశాస్త్రమునకు రెండవదియే తగినది. భగవంతునకుఁ దుప్పెక్కడిది?

కొన్ని సంవత్సరముల క్రిందట నేనీ శ్లోకమును బాఠము చెప్పుచుండఁగా నొక బాలుఁడు జేబులోనుండి చిన్న యయస్కాంతమును, రెండు మేకులను దీసి బల్లపైఁ బెట్టెను. మొదటి మేకు ఱాతి నంటుకొన్నది. రెండవ మేకు మొదటి మేకు నంటుకొన్నది. ‘గురువుగారూ, సూది కూడ ఱాయిని లాగునా?’ యని వాఁ డడిగెను. నేను గోపముతోఁ గూర్చుండుమంటిని. తరువాత నొక విజ్ఞానశాస్త్రోపాధ్యాయు నడిగి తెలిసికొంటిని: లాగునఁట, ఱాయి సూదిని లాగినంత బలముతోనే లాగునఁట. 1687లో న్యూటను ప్రకటించిన మూఁడవ సూత్ర మదియే. ఱాయి బరువైనదిగాన కదలినట్లు కనఁబడదు, అంతియే. ఱాతికి దగ్గఱ నున్నంతసేపు మేకు తానును నయస్కాంత మగును. మెత్తని యినుమైనచో దూరము చేయఁగానే యా గుణము చాలవఱకుఁ బోవును, ఉక్కైనచో నిలుచును. ఇనుమును సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాఁటఁ గాల్చినచో నంటుకొను స్వభావమే పోవును. మఱునాఁడు వాని నందఱియెదుట మెచ్చుకొంటిని.

ఇవి యన్నియు భక్తివిషయమున నెంత యందముగా నతుకునో చెప్పనక్కఱలేదు. సామీప్యమువలన సారూప్యము, మెత్తని చిత్తము, దృఢమైన చిత్తము, భగవంతుఁడును భక్తునిచే నాకర్షింపఁబడుట. ఇచ్చటనే పండితులకుఁ బ్రలోభము పుట్టును. శ్లోకకర్త కివి యన్నియుఁ దెలియుననియు, గిల్బర్టు 1600లో నయస్కాంతమునుగూర్చి గ్రంథము ప్రకటించుటకు ముందే మనవా రంతయుఁ జెప్పిరనియు వ్రాయవలెనని బుద్ధి పుట్టును. ఇట్టి వ్యాఖ్యలను నేను జదివితిని, లజ్జించితిని. కవి చెప్పినది చేరుట, నిలుచుట యను రెండు ధర్మములే. ఉక్కుమాట, మూఁడవసూత్రపు మాట సహృదయుఁడు తన యానందమునకై చేర్చుకొనవచ్చును. వ్యాఖ్యాత వానిని గవితాత్పర్యమని వ్రాయరాదు. పైఁగా, యయస్కాంతము రాగిని లాగదు. ఉపమను గడదాఁకఁ దీసికొనిపోయినచో భగవంతునకుఁ బక్షపాతము వచ్చును.

విజ్ఞానము మాఱినచో నుపమ యేమగును? దీనికి మా శాస్త్రముననే యుదాహరణ మున్నది. ఆదేశములలో నత్యంతసదృశమైనదియే రావలెనను సూత్రముకడఁ బతంజలి లోకమునుండి మట్టిబెడ్డను జూపెను. విసరిన బెడ్డ చేతివేగ మున్నంతవఱకు పోయి, పిమ్మట నడ్డముగాఁ బోదు, పైకెక్కదు. భూవికారము గనుక భూమినే చేరునని యాయన మాట. ఆంతర్యమనఁగా నిచ్చట బంధుత్వముచేతఁ గలిగిన దగ్గఱతనము. నేఁడు బెడ్డ పడుట కట్టి బంధుత్వము కారణమని యెవరును జెప్పరు. చంద్రుని గూడ భూమి యాకర్షించుచునే యున్నది. బెడ్డ మాట పోయినది. ఇకారమునకు యకారము వచ్చుట పోయినదా? పోలేదు. పతంజలి బెడ్డను బోలికగాఁ జూపెనే కాని సూత్రమునకు దానిని హేతువుగాఁ జేయలేదు. న్యాయశాస్త్రమున నుదాహరణమునకు వ్యాప్తి కావలెను. కవి యుపమకు సామాన్యధర్మము చాలును. ఈ భేదము తెలియక, పరమాణువునందలి శక్తి కనుగొనఁబడినది గనుక నీశ్వరుఁడు సిద్ధించెనని సభలలోఁ జెప్పువారు భక్తికిఁ జేయు నపకారము నాస్తికులు చేయలేరు. రేపు భౌతికశాస్త్రము మాట మార్చుకొన్నచో వినిన పిల్లవాని విశ్వాసము బెడ్డవలెనే పడును.

రేడియో పోలికయు, నిప్పుడు సెల్‌ఫోను పోలికయుఁ దఱచుగా వినఁబడుచున్నవి. తరంగములు మన చుట్టును నున్నను యంత్రమును సరిపఱుపక వినఁబడవు. అట్లే భగవంతుఁడు సమీపముననే యున్నను జిత్తము సరిపడక తెలియఁడు. ఉన్నది తెలియకుండుట యను ధర్మమునకు నిది చక్కని యుపమ, యూరివారికిని దెలియును. కాని ప్రసారస్థానమునకు వినువాఁ డెవఁడో తెలియదు. ప్రేమను జెప్పవలసినచోట దీనిని దెచ్చినచో రసము చెడును. సూదికిని ఱాతికిని నడుమ నింతకంటె నెక్కువ చుట్టఱికము గలదు.

శ్లోకములో సూదికిఁ దరువాత మూఁడవ మెట్టుననే నది వచ్చుచున్నది. నది సముద్రమును జేరినపిమ్మట దానికిఁ బేరు లేదు, రూపము లేదు. సూది ఱాతి నంటియు సూదియే. చేరి నిలుచుట యనుమాట సూదికిఁ జక్కఁగా సరిపడును. నదికి నిలుచుట యెట్టిదో వ్యాఖ్యాతలు చెప్పవలసియున్నది. కవి యీ రెంటిని నొక్క శ్లోకముననే యుంచి, యేది తన మతమో చెప్పక విడిచెను. పాఠము చెప్పునపుడు నేనును సూదికడనే కొంతసే పాఁగి, తరువాత నదిని జెప్పుచున్నాను.