ఎరుపే నేల, ఎరుపే నింగి

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, తిరుమలగిరి దగ్గరి పాండవుల గుట్టల్లో, మెడ రిక్కించి చూస్తే తప్ప కనబడనంత ఎత్తున రాతి మీద ఆదిమానవుడి ఎరుపు నిలిచి ఉంది. అడవిదున్నలు, పులులు, విల్లంబులు, వలయాలు. ఆకుపచ్చ, పసుపు, తెలుపు కూడా ఉన్నాయి గానీ కన్ను ముందుగా ఆగేది ఎరుపు దగ్గరే. గుహాచిత్రాల్లో ఈ ఎరుపు సాధారణంగా ఇనుము నిండిన జాజుది. ఆకుపసరు వెలిసిపోతుంది, జాజు వెలవదు. ఇసుకరాతి మీద ఆ ఎర్రగీత పడగానే జంతువు రాయిని విడిచి ముందుకు ఉరుకుతుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో గుడ్డ మీద వేసే కథల పటంలో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఆరాక గీతలు గీస్తారు. ఆపైన మొదట నింపేది బొమ్మను కాదు, బొమ్మ చుట్టూ ఉన్న చోటును. ఎరుపు పరుచుకుంటూ పోతుంటే, అది తాకకుండా విడిచిన తెల్లటి జాగాల్లో దేవతలూ మనుషులూ తేలివస్తారు. గుట్ట మీద బొమ్మే ఎరుపు. పటంలో నేల, నింగి, అంతఃపురం, యుద్ధభూమి అన్నీ ఎరుపే. అందులో దూరం లేదు, నీడ లేదు, పొద్దు వాలడం లేదు. కథ ఎప్పుడూ ఇప్పుడే జరుగుతుంటుంది.

ఆ ఎరుపు మీద కృష్ణుడు నీలం, అమ్మవారు పసుపు, రాక్షసుడు ముదురు వన్నె. పద్మశాలీల వాడలో వారి కథకులు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతూ పటం విప్పితే, చిట్టచివరి వరుసలోని అవ్వకు కూడా మసక దీపంలో పాత్ర పేరు రంగే చెప్పేది. ముఖం నిండా పసుపు కనబడితే చాలు, చేతులు వాటంతటవే జోడింపబడేవి. అన్నీ అయ్యాక సన్నని కుంచెతో నల్లగీత దిగుతుంది. కనుపాప పడుతుంది. అంతవరకూ రంగుగా ఉన్నది అప్పుడు మనల్ని చూస్తుంది.

గజాల కొద్దీ చుట్టలు ఇప్పుడు ఇంటిగోడ ఫ్రేములకు కుదించుకుపోయాయి, రాతిరంగుల చోట డబ్బారంగులు వచ్చాయి. అయినా ఎరుపు తన చోటు వదల్లేదు. చేర్యాల పటం ఎదురైతే ముక్కు ఆనించి చూడకండి. పదడుగులు వెనక్కి జరగండి. ఊరంతా కూర్చుని చూడాలని వేసిన రంగు అది.