బరువు లాగు బండికి తగిన ట్యూను

అమెరికా సంయుక్త రాష్ట్రములలో డెన్వరునుండి పడమటికి ఐ-70 రహదారిపై పశువుల ట్రైలరును లాగుచు రాకీ పర్వతముల నెక్కు డీజిల్ పికప్పు, సముద్రమట్టమునకు 11,000 అడుగులకు పైనున్న ఐసెన్‌హోవర్ సొరంగమును సమీపించునప్పటికి, దాని ఇంజినునకు చేయించిన ట్యూనింగు యోగ్యతయు అయోగ్యతయు తేటతెల్లమగును. అంత ఎత్తున గాలి పలుచబడును. ఇంధనము మాత్రము తగ్గకున్నచో, పొయ్యిలో గాలి యాడకుండ కట్టెలు క్రుక్కినట్లు, నల్లని పొగ వెడలును. ఎగ్జాస్టు వేడిని చూపు మీటరు ముల్లు 1,250 డిగ్రీల ఫారన్‌హీటును దాటి యచ్చటనే నిలిచెనా, అల్యూమినియపు పిస్టనులకు ముప్పు దాపురించినదని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పుదురు.

కాలిఫోర్నియాలోని ఎండు సరస్సులపై కార్ల నుఱికించిన ఔత్సాహికులు 1937లో సంఘముగా నేర్పడినప్పటికే వేళ్లూనిన ఈ ట్యూనింగు విద్య, 1989 మోడలు డాడ్జ్ పికప్పులో 160 అశ్వశక్తి గల కమిన్స్ డీజిల్ ఇంజిను వెలసిన పిదప డీజిల్‌కును విస్తరించెను. 1994 మొదలు 1998 వఱకు ఆ ఇంజినునకు అమర్చిన బాష్ పీ-7100 పంపులో ఒక చిన్న ఇనుప పలక యుండెడిది. ఏ వేగమున ఎంత ఇంధనము పోవచ్చునో దాని అంచు వంపే నిర్ణయించును. నేర్పరియైన మెకానిక్కు దానిని వెలికి దీసి, ఆకురాయితో కొంచెము కొంచెముగా నరుగదీసి, మరల బిగించి, బండికి బరువు తగిలించి నడిపి చూచెడివాడు. తొందరపాటువాడు పలకనే తీసి పాఱవేసెడివాడు. బలము వచ్చెడిది గాని, టర్బో పుంజుకొనులోపల వీథి యెల్ల పొగ క్రమ్మెడిది. ఆ మొదటివాని ఓర్పే ఈ విద్యకు గౌరవము తెచ్చినదని నా దృఢ విశ్వాసము.

కంప్యూటరు నడుపు కామన్ రైల్ ఇంజినులు వచ్చిన పిమ్మట ఆకురాయి చేయు పనిని కంప్యూటరు ఫైలు చేయుచున్నది. ఇంధనపు పీడనము, చిమ్మవలసిన క్షణము, చిమ్ముచుండవలసిన వ్యవధి, టర్బో త్రోయు గాలి, ఇవి యన్నియు అందు పట్టికలుగా నుండును. చిమ్ముటను కొంత ముందుకు జరిపినచో మైలేజి మెఱుగుపడవచ్చును; మితి మీఱినచో సిలిండరులోని ఒత్తిడి హెచ్చి హెడ్ గ్యాస్కెట్టు చెడును. ఇంజిను తట్టుకొన్న బలమును గేర్‌బాక్సు తట్టుకొనవలెనను నియమము లేదు. లోపలి క్లచ్చులు జాఱుటకు మొదలిడినచో ఎంతటి అశ్వశక్తియు చక్రములకు చేరదు. కావున ట్యూను కొనువాడు ప్రకటనలోని పెద్ద సంఖ్యను గాక, తాను నిత్యము లాగు బరువును ముందు తలంపవలెను. బరువు లాగువానికి టోయింగ్ ట్యూనే తగినది. పందెపు ట్యూను పందెమునకే.

పొగను శుద్ధి చేయు పరికరములను తొలగించి చేయు ‘డిలీట్’ ట్యూను సంగతి వేఱు. స్వచ్ఛ వాయు చట్టము దానిని నిషేధించినను, సుమారు పదేండ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్పులకు ఆ పని జరిగినదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020లో అంచనా వేసెను. ఆ పొగ పీల్చువారు ఇరుగుపొరుగు పిల్లలే. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి, పరీక్షకు నిలిచిన ట్యూనింగు సామగ్రికి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ సంఖ్య నొసగుచున్నది. కొనుటకు ముందు ఆ సంఖ్య నడుగుడు. అది తమ బండి మోడలునకు వర్తించునో లేదో సరిచూడుడు. చెప్పలేని దుకాణమున సొమ్ము చెల్లింపకుడు.